బరంపురంలో దొరికిన పాత 78 రికార్డులు: కడగడం ఎలా, వినడం దేని మీద?

బరంపురం_భైరవి
పెద్ద బజారు వైపు ఒక పాత ఇల్లు ఖాళీ చేస్తున్నారంటే వెళ్లాను. అటక మీంచి దించిన సామాన్లలో రెండు గోనె సంచుల నిండా గ్రామఫోను రికార్డులు, నిమిషానికి 78 చుట్లు తిరిగేవి. కబాడీ అతను ఇత్తడి, ఇనుము తూకం వేసుకుని వీటిని గుమ్మం పక్కన పడేశాడు, వీటికి కిలో రేటు లేదట. అన్నీ కలిపి రెండు వేలకి తెచ్చుకున్నాను. ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వయొలిన్ మూడు, బెంగుళూరు నాగరత్నమ్మ గారిది ఒకటి, రాజరత్నం పిళ్లై నాదస్వరం తోడి ఒకటి, మిగతావి చాలావరకు నాటక పద్యాలు. సగానికి పైగా బూజు పట్టాయి. ద్వారం వారి రికార్డుల్లో ఒకదానికి అంచు నుంచి లోపలికి వెంట్రుకంత పగులు ఉంది.

దేనితో కడగాలి? నా టర్న్‌టేబుల్‌కి 33, 45 స్పీడులే ఉన్నాయి, 78 లేదు. కొత్తది కొనాల్సిందేనా? పద్యాల రికార్డులు నాకు అక్కర్లేదు, క్లాసికల్ మాత్రమే ఉంచుకుంటాను. కావలసినవాళ్లు చెప్పండి.

కడుపు మండిన సంగతి ఇంకొకటి. నాకన్నా ముందు వచ్చినాయన ఎల్పీలన్నీ (33 స్పీడు ప్లాస్టిక్ రికార్డులు) పట్టుకుపోయాడు. హోటల్ గోడలకి మేకులు కొట్టి తగిలిస్తాడట! అందులో చిట్టిబాబు గారి వీణ ఉంది. అడిగితే "బొమ్మ బాగుంది, ఇవ్వను" అన్నాడు.

రాయగడ_రేడియో
ముందు ఒక్క మాట. స్పిరిట్ తగలనివ్వకండి. శానిటైజర్ కూడా. 78 రికార్డు లక్కతో చేసింది, స్పిరిట్‌లో లక్క కరిగిపోతుంది. ఎల్పీకి పనికొచ్చేది దీనికి విషం.

తంబూరా_తీగ
హోటల్ గోడకా! నాలుగు రోజులు ఎండ తగిలితే ఎల్పీ అప్పడంలా వంకర్లు పోతుంది. అప్పుడు తెలుస్తుంది ఆయనకి.

గాడి78
వరసగా చెబుతా భైరవి గారూ, తొందరపడకండి.

మొదట వరండాలో కూర్చుని, ముక్కుకి గుడ్డ కట్టుకుని, మెత్తటి పెయింట్ బ్రష్‌తో పొడిగానే దులపండి. బూజు ఇంట్లో దులిపితే మిగతా రికార్డులకి అంటుకుంటుంది. తర్వాత బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్ లీటరు తీసుకుని రెండు చుక్కలు బేబీ షాంపూ కలపండి. బ్రష్ తడిపి, గాడి ఎటు తిరిగితే అటే, గుండ్రంగా తోమాలి. అడ్డంగా రుద్దకూడదు. లేబుల్ మీద చుక్క నీరు పడకూడదు. బేసిన్‌లో నానబెట్టడం అసలే వద్దు. పాత కొలంబియా రికార్డుల్లో పైన కింద లక్క పొర, మధ్యలో వేరే ముతక సరుకు, కాగితం ఉంటాయి. అంచు చిట్లినచోట నీళ్లు దిగితే పొరలు ఊడొస్తాయి. చివర్లో వట్టి డిస్టిల్డ్ వాటర్‌తో ఒకసారి తుడిచి, గిన్నెల స్టాండులో నిలబెట్టి ఫ్యాన్ కింద ఆరనివ్వండి. ఎండలో పెట్టొద్దు.

పగులుకి ఫెవిక్విక్ పూస్తారేమో, పూయొద్దు. అది గాడిలోకి దిగి గట్టిపడితే అక్కడ సూది ఎగిరిపోతుంది. ఆ రికార్డు ఒక్కసారి వాయించి, కంప్యూటర్‌లోకి ఎక్కించుకుని, మళ్లీ ముట్టుకోకుండా దాచండి.

టర్న్‌టేబుల్ కొత్తది అక్కర్లేదు, సూది మాత్రం మార్చాలి. ఎల్పీ సూది మొన 1 మిల్లు లోపు ఉంటుంది, అంటే అంగుళంలో వెయ్యో వంతు. 78కి 3 మిల్లుల మొన కావాలి. ఎల్పీ సూదితో వేస్తే అది వెడల్పు గాడి అడుగుకి జారిపోయి అక్కడి మట్టినంతా వినిపిస్తుంది, పాట తక్కువ, గరగర ఎక్కువ. సూది మార్చాక 45 స్పీడులోనే తిప్పి రికార్డ్ చేయండి. ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో స్పీడు మార్చే చోట 45 నుంచి 78కి అని ఎంచుకుంటే సరిపోతుంది. బేస్ కొంచెం తేడాగా వస్తుంది, తర్వాత సరిచేసుకోవచ్చు. కుడి ఎడమ చానెళ్లు రెండూ కలిపి మోనో చేయడం మాత్రం మరిచిపోకండి, చాలా గరగర అక్కడే తగ్గిపోతుంది.

తంబూరా_తీగ
కంప్యూటర్‌లో విన్నదీ ఒక వినికిడేనా? మా ఇంట్లో చేత్తో కీ తిప్పే పెట్టె ఇంకా పనిచేస్తోంది. ఆ కొమ్ములోంచి వయొలిన్ వస్తుంటే మనిషి ఎదురుగా కూర్చుని వాయించినట్టు ఉంటుంది. ద్వారం వారిని దాని మీదే వినాలి.

గాడి78
@తంబూరా_తీగ అన్నా, మీ మీద గౌరవంతోనే అంటున్నా, ఆ పని చేయకండి. ఆ పెట్టెలో సూదిని పట్టుకునే సౌండ్ బాక్సు బరువు వంద గ్రాములు దాటుతుంది. దానికి ఉక్కు సూది. ఒక్కో పక్కకి కొత్త సూది వేయాలని అప్పట్లో సూదుల డబ్బా మీదే రాసేవారు, ఎందుకంటే ఒక పాట అయ్యేసరికి మొన అరిగి ఉలిలా తయారవుతుంది. ఇప్పటి కార్ట్రిడ్జి (సూది బిగించే భాగం) గాడి మీద మోపే బరువు మూడు నాలుగు గ్రాములు. మీరు వాయించిన ప్రతిసారీ ఆ రికార్డు కొంచెం చచ్చిపోతుంది.

తంబూరా_తీగ
అరుదైనవి నేనూ వేయను తమ్ముడూ. పది చోట్ల దొరికే ప్లేట్లు వేస్తా. కానీ ఆ పెట్టె ముందు ఇంటిల్లిపాదీ చాప పరుచుకుని కూర్చుంటారు. ఇయర్‌ఫోన్లలో నువ్వొక్కడివే వింటావు. అది కూడా లెక్కలోకి తీసుకో.

జయపురం_వీణ
ఇద్దరూ కరెక్టే. మాకు కోరాపుట్ కొండల్లో కరెంటు పోయినప్పుడు మాత్రం తంబూరా అన్న పార్టీయే గెలుస్తుంది 😄

పర్లాకిమిడి_మాస్టారు
ద్వారం వారి రికార్డులు బరంపురం అటక మీద దొరకడంలో ఆశ్చర్యం లేదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా గంజాం అంతా మద్రాసు ప్రెసిడెన్సీయే. సంగీతం నేర్చుకోవాలంటే ఇక్కడి తెలుగు పిల్లలు విజయనగరం పోయేవారు. అక్కడ మహారాజావారి సంగీత కళాశాల 1919లో పెట్టారు. ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్, ద్వారం వారు వయొలిన్ ఆచార్యులు. 1936లో దాసుగారి తర్వాత ప్రిన్సిపాల్ అయ్యారు. 1941లో సంగీత కళానిధి బిరుదు. వయొలిన్ అంటే పక్కవాద్యమే అనుకునే రోజుల్లో దాన్ని ముందు వరసలో కూర్చోబెట్టి ఒంటరిగా కచేరీ చేసి మెప్పించిన మనిషి ఆయన. ఆ మూడు రికార్డులూ పువ్వుల్లా చూసుకోమ్మా.

మన ఊళ్లకి ఇంకో అదృష్టం కూడా ఉండేది. హెచ్‌ఎంవి రికార్డులు కలకత్తా దమ్‌దమ్ ఫ్యాక్టరీలో తయారయ్యేవి, ఓడియన్ రికార్డులు మద్రాసు సరస్వతి స్టోర్స్ వాళ్లు తెచ్చేవారు. బరంపురం రెండు ఊళ్లనీ కలిపే రైలు దారిలో ఉంది. అందుకే ఇక్కడి పాత పెట్టెల్లో బెంగాలీ కీర్తన పక్కన త్యాగరాజ కీర్తన కనిపిస్తుంది. ఒకే భాష వాళ్లుండే ఊళ్లో అలాంటి పెట్టె దొరకదు.

రాయగడ_రేడియో
మాస్టారు చెప్పింది నూటికి నూరుపాళ్లు. నేను కిందటి నెల కొన్న పెట్టెలో మన కర్ణాటక సంగీతం వోలేటి వారి క్యాసెట్ కిందే బాలకృష్ణ దాస్ ఒడిస్సీ సంగీతం ఎల్పీ ఉంది. ఆ ఇంట్లో ఇద్దరినీ వినే మనిషి ఒకరు ఉండేవారన్నమాట. దాస్ గారి గొంతు మొదటిసారి విన్నా. చంపూ (గద్యం, పద్యం కలిసిన కావ్యం) పాట. కవిసూర్య బలదేవ రథ్ రాసిన కిశోరచంద్రానన చంపూలో పాటలు క నుంచి క్ష దాకా ఒక్కో అక్షరానికి ఒక్కోటి చొప్పున ఉంటాయి, ఒక పాటలో పాదాలన్నీ ఆ అక్షరంతోనే మొదలవుతాయి. ఒడియా పూర్తిగా రాకపోయినా చెవికి పట్టేస్తుంది.

జయపురం_వీణ
@రాయగడ_రేడియో ఆ ఎల్పీ అమ్ముతారా?

రాయగడ_రేడియో
అమ్మను. కాపీ ఇస్తా.

ధర్మాబాద్_దర్బారీ
ఇటు నాందేడ్ జిల్లా సంగతి వేరే. మాకు దొరికేవన్నీ మరాఠీ నాట్యసంగీతం, హిందుస్తానీ ఖయాల్. కిందటి వారం బిలోలీ దిక్కు ఒక రిటైర్డ్ టీచర్ ఇంట్ల ఉస్తాద్ అబ్దుల్ కరీం ఖాన్ 78 దొరికింది. లేబుల్ చదివి నమ్మలేకపోయిన. త్యాగరాజస్వామి 'రామ నీ సమానమెవరు', ఖరహరప్రియ! హిందుస్తానీల కిరానా ఘరానా (గాన సంప్రదాయం) పెద్దాయన తెలుగు కీర్తన పాడిండు. మైసూరు దర్బారుకు పోతూ వస్తూ మన సంగీతం విన్న మనిషి. తెలుగు ఉచ్చారణ మనలా ఉండదు, కానీ స్వరం మీద ఆ గొంతు నిలబడే తీరు వేరే ఎవరికీ రాదు. మా నాయనకు వినిపిస్తే మళ్లీ పెట్టు, మళ్లీ పెట్టు అంటుండు.

ఆ టీచర్ పైసలు తీసుకోలేదు. "మా ఇంట్ల తెలుగు పాట అర్థమయ్యేటోళ్లు లేరు, మీరే తీసుకోండి" అన్నడు. నేనే బలవంతంగా ఐదు వందలు బల్ల మీద పెట్టి వచ్చిన.

పర్లాకిమిడి_మాస్టారు
ఎంత మంచి మనిషి. ఖాన్ సాహెబ్ 1937లో పోయింది కూడా మన దక్షిణాదిలోనే. మద్రాసు నుంచి పాండిచ్చేరి పోతూ దారిలో సింగపెరుమాళ్ కోయిల్ స్టేషన్లో.

సిరొంచ_సితార్
మీకు అబ్దుల్ కరీం ఖాన్ దొరుకుతుండు, మాకు గోదావరి ఒడ్డున ఇసుక తప్ప ఏం దొరకట్లే. హిందుస్తానీ గాయని కేసర్‌బాయి కేర్కర్ భైరవి 1977లో వోయేజర్ వ్యోమనౌక ఎక్కి అంతరిక్షంలకు పోయింది, సిరొంచకు మాత్రం రాలే 😀

తంబూరా_తీగ
భైరవి గారూ, పద్యాల రికార్డులు "క్లాసికల్ కాదు" అని తీసేస్తున్నారే, అది నాకు నచ్చలేదు. నాటకాల కపిలవాయి రామనాథశాస్త్రి పద్యం ఒక్కటి పూర్తిగా విని ఆ మాట అనండి. మూడు నిమిషాల్లో రాగం పట్టుకుని, పద్యం అర్థం చెడకుండా, చివర ఆ సాగదీత. నాటకాల వాళ్లు రాగాలు ఊళ్లోకి తీసుకురాకపోతే సామాన్యుడికి మోహన ఏదో, కాంభోజి ఏదో ఎలా తెలిసేది?

గాడి78
ఇక్కడ నేను ఒప్పుకోను. పద్యం గొప్పదే, కానీ అది నటుడి కళ. గమకం (స్వరాన్ని ఊపే తీరు) కంటే గొంతు దమ్ము ముఖ్యం అందులో. చోటు తక్కువ ఉన్నప్పుడు ఏది ముందు కాపాడాలి అంటే నేను ద్వారం వారినే అంటాను.

పర్లాకిమిడి_మాస్టారు
రెండూ కాపాడాలి. పద్యాలే ముందు పోతాయి గాడి78. ద్వారం వారికి శిష్యులు ఉన్నారు, కాలేజీ ఉంది, రేడియో వాళ్ల దగ్గరా ఉంటాయి. ఊరూరా తిరిగిన నాటక సమాజాల గొంతులు ఈ రికార్డుల్లోనే మిగిలాయి. అవి ఎవరూ తీసుకోకపోతే నాకు పంపించమ్మా, పోస్టు ఖర్చు నేను పెట్టుకుంటా.

బరంపురం_భైరవి
మాస్టారూ, పద్యాలన్నీ మీకే. తంబూరా_తీగ గారు చెప్పినట్టు ముందు ఒకసారి విని, కాపీ తీసుకుని పంపుతాను.

గోపాల్‌పూర్_గాలి
ఎక్కడ దాస్తారో కూడా చూసుకోండి. 2013 అక్టోబరులో ఫైలిన్ తుఫాను మా మీదే తీరం దాటింది. కప్పు రేకులు లేచిపోయి రాత్రంతా వాన లోపలే. రికార్డులు పగల్లేదు, కానీ కాగితం కవర్లు నానిపోయి లేబుళ్లకి అతుక్కుపోయాయి. ఊడదీస్తే లేబుల్ కూడా వచ్చేసింది. ఇప్పుడు నా దగ్గర ఒక కట్ట ఉంది, ఎవరు పాడారో రాసి లేని నల్ల పళ్లేలు. పాత కాగితం కవర్లు తీసేసి లోపల ప్లాస్టిక్ పొర ఉన్న కవర్లు వేయండి. నిలువుగా పెట్టండి. నేల నుంచి కనీసం మూడడుగుల ఎత్తులో.

గాడి78
@గోపాల్‌పూర్_గాలి పారేయకండి! పాట గాడి అయిపోయి లేబుల్ మొదలయ్యే మధ్యలో నున్నటి జాగా ఉంటుంది. వెలుతురు పక్క నుంచి పడేలా పట్టుకుని భూతద్దంతో చూడండి, అంకెలు చెక్కి ఉంటాయి. అది మ్యాట్రిక్స్ నంబరు. లేబుల్ నంబరు మారినా అది మారదు, ఆ రికార్డింగుకే సొంతం. పాత కేటలాగులతో పోలిస్తే ఎవరిదో తేలుతుంది.

జయపురం_వీణ
బాగా పాతవైతే పాట చివర గొంతు కూడా వినండి. 1902లో కలకత్తాలో గాయని గౌహర్ జాన్ మొదటి రికార్డులు ఇచ్చినప్పుడు పాట అయ్యాక "మై నేమ్ ఈజ్ గౌహర్ జాన్" అని చెప్పేది. అప్పట్లో రికార్డులు జర్మనీలోని హనోవర్‌లో అచ్చయ్యేవి, అక్కడివాళ్లకి ఏది ఎవరిదో తెలియాలి కదా. ఆ రోజుల్లో చాలామంది గాయనులు అలాగే పేరు చెప్పేవారు.

గోపాల్‌పూర్_గాలి
అంకెలు దొరికాయి! నాలుగింటికి స్పష్టంగా ఉన్నాయి. ఫొటోలు పెడతా, ఎవరైనా చూసిపెట్టండి.

బరంపురం_భైరవి
3 మిల్లుల సూది వచ్చింది. రికార్డులు కడిగాను. గాడి78 చెప్పినట్టే చేశాను, షాంపూ నీళ్లు కాఫీ రంగులోకి తిరిగాయి, ఒక్కో రికార్డుకి నీళ్లు మార్చాల్సి వచ్చింది. పగులున్నది ముందు ఎక్కించాను. తిరిగిన ప్రతిసారీ ఒక టిక్కు. అయినా ఆ విల్లు ఒత్తిడి వినిపిస్తోంది! ఒకే స్వరం మీద మొదట సన్నగా, తర్వాత నిండుగా, మళ్లీ సన్నగా. మూడు నిమిషాల్లో ఆలాపన, కీర్తన, స్వరకల్పన అన్నీ ఇమిడ్చారు, ఎక్కడా కంగారు లేదు.

ఒక సందేహం. శ్రుతి కొంచెం హెచ్చుగా అనిపిస్తోంది. నా చెవిదా, రికార్డుదా?

జయపురం_వీణ
మీ చెవి సరిగ్గానే ఉండొచ్చు. 78 అని పేరేగానీ అన్నీ 78లో తీయలేదు, ముఖ్యంగా పాతవి. 76లో తీసినది 78లో వేస్తే శ్రుతి దాదాపు అర మెట్టు లోపు పైకి పోతుంది, నడక కూడా హడావిడిగా మారుతుంది. మిగతా రెండు రికార్డులూ శ్రుతి పెట్టెతో కలిపి చూడండి. మూడూ ఒకే చోట ఉంటే అదే ఆయన శ్రుతి. ఒకటి మాత్రమే పైకి ఉంటే స్పీడు తగ్గించి సరిచేయండి. నేను వీణ పక్కన పెట్టుకుని మెట్టు మెట్టూ పోల్చుకుంటాను.

బరంపురం_భైరవి
పోల్చాను. రెండు కలిశాయి, పగులుది మాత్రమే పైన ఉంది. తగ్గిస్తే గమకాలు హాయిగా కుదురుకున్నాయి.

ఇంకో కబురు. హోటల్ ఆయన దగ్గరికి మళ్లీ వెళ్లాను. గీతలు పడి పనికిరాని సినిమా ఎల్పీలు, కవర్లు రంగురంగులవి, పది తీసుకెళ్లి ఇచ్చి చిట్టిబాబు వీణ తెచ్చుకున్నాను. ఆయనకి గోడ నిండింది. ఒక్క మేకు కూడా దిగలేదు దానికి.

సిరొంచ_సితార్
ఇది అసలు బేరం!! ప్రతి ఊర్ల హోటళ్లన్నీ తిరగాలె మనం.

రాయగడ_రేడియో
కవర్ మీద నంబరు చూడండి. ఇసిఎస్‌డి అని ఉంటే స్టీరియో, ఇసిఎల్‌పి అని ఉంటే మోనో. చిట్టిబాబు వీణ స్టీరియోలో దొరికితే పండగే.

బరంపురం_భైరవి
ఇసిఎస్‌డి! 

తంబూరా_తీగ
ద్వారం వారి ఫైళ్లు యూట్యూబ్‌లో పెట్టేయండి, అందరం వింటాం.

రాయగడ_రేడియో
అడిగి పెట్టాలేమో. కాపీరైటు గొడవ వస్తుంది. పైగా మనం పెడితే ఎవడో దించుకుని తన పేరు వేసుకుంటాడు, నాకు అది జరిగింది.

పర్లాకిమిడి_మాస్టారు
మన చట్టం ప్రకారం సౌండ్ రికార్డింగుకి హక్కు, అది విడుదలైన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లు. 1950ల దాకా వచ్చిన 78లన్నిటికీ గడువు తీరిపోయింది. త్యాగరాజస్వామి కీర్తనల మీద ఎవరి హక్కూ లేదు. చిట్టిబాబు ఎల్పీ అలా కాదు, ఏ సంవత్సరందో చూసుకోవాలి. ఎమ్మెస్ గారి బాలాజీ పంచరత్నమాల లాంటివి ఇంకా గడువులోనే ఉన్నాయి, అవి పెట్టకూడదు. పేరు దొంగిలిస్తారని దాచుకుంటే మాత్రం ఆ అటక మీద గోనె సంచికీ మన హార్డ్ డిస్కుకీ తేడా ఏముంది? పెట్టమ్మా. రికార్డు నంబరు, మ్యాట్రిక్స్ నంబరు, ఏ స్పీడులో సరిచేశావో కింద తెలుగులో రాయి. శుభ్రం చేయని అసలు ఫైలు కూడా విడిగా ఉంచు, రేపు ఇంకా మంచి సాఫ్ట్‌వేర్ వస్తుంది.

గాడి78
మాస్టారి చివరి మాట బంగారం. గరగర తీస్తామని గట్టిగా వడకడితే వయొలిన్ పై స్వరాలు కూడా పోతాయి. అసలు ఫైలు దాచాల్సిందే.

ధర్మాబాద్_దర్బారీ
బాలాజీ పంచరత్నమాల అన్నారు కాబట్టి అడుగుతున్న. ఐదు ఎల్పీల సెట్‌ల నాకు నాలుగే ఉన్నయి, మూడోది లేదు. ఎవరి దగ్గరన్న రెండోసారి వచ్చింది ఉంటే, బదులు నా దగ్గర మరాఠీ నాట్యసంగీతం బాల గంధర్వ 78లు రెండు ఎక్కువున్నయి.

రాయగడ_రేడియో
మూడో వాల్యూమ్ నా దగ్గర రెండున్నాయి అన్నా. కానీ 78ని కొరియర్‌లో పంపొద్దు. నాకు ఒకసారి డబ్బా తెరిస్తే ముక్కలు వచ్చాయి. నాగావళి ఎక్స్‌ప్రెస్ మా రాయగడ మీదుగానే నాందేడ్ వస్తుంది. మా బావమరిది వచ్చే నెల ఎక్కుతున్నాడు. ఎల్పీ అతని చేతికిస్తా, మీ రికార్డులు అతనికే ఇచ్చి పంపండి.

ధర్మాబాద్_దర్బారీ
అంతకన్న ఏం గావాలె. నాందేడ్ స్టేషన్‌కు నేనే వస్త. అబ్దుల్ కరీం ఖాన్ ఫైలు కూడా పెన్ డ్రైవ్‌ల వేసి ఇస్త, అందరికీ పంచండి.

గాడి78
ఇచ్చేటప్పుడు రికార్డుకి అటూ ఇటూ రికార్డు కన్నా అంగుళం పెద్ద అట్టలు పెట్టి టేపు వేయండి. అట్ట అంచు దెబ్బ తినాలి, రికార్డు అంచు కాదు. రైల్లో పడుకోబెట్టి పైన సూట్‌కేసు పెట్టొద్దని బావమరిదికి గట్టిగా చెప్పండి.

రాయగడ_రేడియో
చెప్పా. ఒళ్లో పెట్టుకుని కూర్చుంటానన్నాడు.

గోపాల్‌పూర్_గాలి
నా నాలుగు నంబర్ల ఫొటోలు పెట్టాను, కొత్త చర్చలో చూడండి. రెండోదాని మీద చివరి అంకె 3 ఆ, 8 ఆ తేలడం లేదు.